21వ సెక్షన్ పనితనం

జర్మనీ నివాస చట్టంలో 21వ సెక్షన్‌కి అయిదో సబ్‌సెక్షన్ చివర జర్మన్‌లో అయిదు మాటల వాక్యం ఒకటి ఉంది: నాలుగో సబ్‌సెక్షన్ దీనికి వర్తించదు. అంతే. కారణం చెప్పరు, వివరణ ఇవ్వరు. ఆ దేశంలో ఎవరి కిందా ఉద్యోగం చేయకుండా సొంతంగా సంపాదించుకునే విదేశీయుడికి శాశ్వత నివాసం మూడేళ్లలో అందుతుందా, అయిదేళ్లు పడుతుందా అన్నది ఆ వాక్యం దగ్గరే తేలిపోతుంది. దాన్ని చూడకుండా దాటిపోయినవాళ్లకి తేడా మూడో ఏడు నిండాక గాని తెలియదు.

చట్టాలను ఇష్టంగా కూర్చుని చదివేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఈ ఒక్క సెక్షన్ మీద చాలాకాలంగా మోజు ఉంది. అచ్చులో పేజీకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులోనే కంపెనీ పెట్టేవాడు, చిత్రకారిణి, అనువాదకుడు, వైద్యుడు, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు, నలభై అయిదు దాటిన వ్యాపారి, నిన్ననే పట్టా పుచ్చుకున్న విద్యార్థి అందరూ ఇమిడిపోయారు. ఎవరికి ఎంత అడగాలో అంతే అడిగారు. ఒక మాట తీస్తే ఒకరి బతుకు మారిపోయేంత పొదుపుగా రాశారు. 2005 జనవరి 1న అమల్లోకి వచ్చింది మొదలు పార్లమెంటు దాన్ని పదే పదే సవరించింది. చాలా చట్టాలు సవరణలతో గతుకులుగా తయారవుతాయి. ఇది మాత్రం సవరించిన కొద్దీ నునుపు తేలింది.

మనవాళ్లకు దీనితో పని పడుతోంది కాబట్టే ఈ పరిచయం. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు సంఖ్యలో మొదటి స్థానం భారతీయులది. అందులో తెలుగువాళ్ల వాటా చూడాలంటే ఆఖెన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉగాది వేడుకకు వెళ్తే చాలు. చదువయ్యాక ఉద్యోగం, ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచాక అందరికీ వచ్చే ఆలోచన ఒకటే: ఈ కంపెనీ నా పనిని క్లయింటుకు గంటకింతని అమ్ముకుంటోంది కదా, నేనే అమ్ముకుంటే? అప్పుడు అందరూ ఇచ్చే సలహా, ఫ్రీలాన్స్ వీసాకి మారిపో, అది తేలిక అని. తేలికన్న మాట నిజమే. ఆ తేలికకు ధర ఎక్కడ కట్టాలో మాత్రం సలహా ఇచ్చేవాళ్లు చెప్పరు.

ఈ సెక్షన్ రాసినవాళ్ల కిటుకు నాకు అర్థమైనంతలో ఇది. గుమ్మం ఎత్తుగా కట్టిన చోట లోపల నడవాల్సిన దూరం తగ్గించారు; గుమ్మం పొట్టిగా ఉన్నచోట దూరం పెంచారు. వీసా ఎంచుకోవడమంటే, కష్టాన్ని మొదట్లో పడతారా, తర్వాత పడతారా అన్నది ఎంచుకోవడమే.

మొదటి సబ్‌సెక్షన్ ఎత్తు గుమ్మం. వ్యాపారం పెట్టేవాళ్లు ఇటు నుంచి రావాలి. షరతులు మూడు: ఆ పని మీద ఆర్థిక ఆసక్తి గాని ఆ ప్రాంతపు అవసరం గాని ఉండాలి, ఆర్థిక వ్యవస్థకు మేలు జరిగే అవకాశం కనిపించాలి, పెట్టుబడి సొంత డబ్బుతోనో అప్పు మంజూరుతోనో సిద్ధంగా ఉండాలి. ఇవి ఉన్నాయో లేదో ఇమ్మిగ్రేషన్ అధికారి ఒక్కడే తేల్చకూడదు. ఆలోచన నిలబడేదేనా, మనిషికి వ్యాపారానుభవం ఉందా, పెట్టుబడి ఎంత, ఎంతమందికి పని దొరుకుతుంది, కొత్తదనం ఏమిటి అని స్థానిక పారిశ్రామిక వాణిజ్య మండలి లాంటి సంస్థల అభిప్రాయం తీసుకోవాలి. ఫైలు అక్కడికి వెళ్లి తిరిగి రావడానికే వారాలు పడుతుంది.

ఈ గుమ్మం చరిత్ర తెలుసుకోదగ్గది. 2005లో చట్టం ఒక లెక్క చెప్పింది: పది లక్షల యూరోల పెట్టుబడి, పది ఉద్యోగాలు ఉంటే మొదటి రెండు షరతులూ సాధారణంగా తీరినట్టే. ఇది కనీస మొత్తం కాదు, ఒక ఊహ మాత్రమే. అంతకంటే తక్కువతో వచ్చినవాళ్లకూ దారి మూయలేదు. కానీ కాగితం మీద అంకె కనబడ్డాక ఏ ఆఫీసులోనైనా కళ్లు దాని మీదికే పోతాయి. 2007లో దాన్ని అయిదు లక్షలు, అయిదు ఉద్యోగాలు చేశారు. 2009లో రెండున్నర లక్షలకు దించారు. 2012 ఆగస్టులో అంకెనే పూర్తిగా తీసేశారు. అదే సవరణలో ఇంకో చిన్న పని చేశారు. అంతకుముందు ‘ఉన్నతమైన’ ఆర్థిక ఆసక్తి, ‘ప్రత్యేకమైన’ ప్రాంతీయ అవసరం అని ఉండేది. ఆ రెండు విశేషణాలనూ కొట్టేశారు. కొత్తగా ఒక్క మాటా చేర్చకుండా, ఉన్నవి తీసి చట్టాన్ని బాగు చేయడం నేను చూసినవాటిలో ఇది ముందు వరసలో ఉంటుంది. కోటీశ్వరుడి కోసం రాసిన నిబంధన ఒక చిన్న ఇంజినీరింగ్ సంస్థ పెట్టుకునే మనిషికి కూడా సరిపోయేలా అయింది.

నాలుగో సబ్‌సెక్షన్ ఆ ఎత్తు గుమ్మం దాటినవాళ్లకిచ్చే బహుమతి. పర్మిట్ గరిష్ఠంగా మూడేళ్లకు ఇస్తారు. మూడేళ్ల తర్వాత, అనుకున్న పనిని విజయవంతంగా నడిపి, తన కుటుంబాన్ని పోషించుకునేంత ఆదాయం ఉంటే శాశ్వత నివాసం ఇవ్వవచ్చు. మామూలు శాశ్వత నివాసానికి అడిగే పెన్షన్ చెల్లింపులూ, జర్మన్ భాషా స్థాయీ ఈ వాక్యంలో అడగరు. విజయం అంటే ఏడాదికి ఎన్ని యూరోలో కూడా రాయలేదు.

ఇక్కడ ఆగి చూడాలి. అంకె రాయకుండా కొలత ఎలా పెట్టారు? ‘అనుకున్న పని’ అన్నారు. అనుకున్నది ఎవరు? మొదటి రోజు దరఖాస్తుతో పాటు బిజినెస్ ప్లాన్ ఇచ్చిన మీరే. అంటే మూడేళ్ల తర్వాత మిమ్మల్ని కొలిచే బద్దను మీ చేతే తయారు చేయించారు. మొదటి ఏడు రెండు లక్షల యూరోలు, రెండో ఏడు అయిదుగురు ఉద్యోగులు అని మండలి మెప్పు కోసం ఊదరగొట్టినవాడు ఆ ప్లాన్‌కే జవాబు చెప్పుకోవాలి. పొదుపుగా, నమ్మదగ్గట్టుగా రాసుకున్నవాడికి ఆ కాగితమే సాక్ష్యం. ఈ సెక్షన్‌లో ఎక్కడా అబద్ధాన్ని నిషేధించకుండానే గొప్పలు చెప్పుకోవడాన్ని ఖర్చుతో కూడిన వ్యవహారంగా మార్చిన తీరు నాకు భలే నచ్చింది.

అయిదో సబ్‌సెక్షన్ 2007లో చేరింది. ఫ్రైబెరూఫ్లర్ అని జర్మన్లు పిలిచే స్వతంత్ర వృత్తుల వాళ్ల కోసం. ఇది పొట్టి గుమ్మం. మొదటి సబ్‌సెక్షన్ షరతుల నుంచి వదిలేశారు. ఆర్థిక ఆసక్తీ ప్రాంతీయ అవసరమూ రుజువు చేయనక్కర్లేదు. వృత్తికి లైసెన్సు కావాలంటే అది ఉండాలి, లేదా ఇస్తామన్న హామీ ఉండాలి. మామూలుగా చూపించేవి పని ఇస్తామంటూ క్లయింట్లు రాసిన లేఖలు, రాబడి అంచనా, ఆరోగ్య బీమా, అద్దె ఒప్పందం. బెర్లిన్‌లోనైతే కళాకారులకూ భాష నేర్పేవాళ్లకూ బయటి సంస్థల అభిప్రాయం అడగకుండానే త్వరగా తేల్చే వాడుక ఉంది. ఆ నగరంలో ప్రపంచంలోని గిటారు వాయించేవాళ్లందరూ ఎందుకు కనిపిస్తారో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది.

మరి స్వతంత్ర వృత్తి అంటే ఏది? ఇక్కడ నివాస చట్టం తెలివిగా నోరు మూసుకుంటుంది. జవాబు ఆదాయపు పన్ను చట్టం 18వ సెక్షన్‌లో ఉంది. శాస్త్ర, కళా, రచనా, బోధనా రంగాల్లో స్వతంత్రంగా చేసే పనులు. వైద్యులు, లాయర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, టాక్స్ అడ్వైజర్లు, పత్రికా రచయితలు, అనువాదకులు, చివరికి ఓడలకు దారి చూపే పైలట్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. వాటిని పోలిన వృత్తులనే మాట చివర తగిలించి తలుపు కొంచెం తెరిచి ఉంచారు. సాఫ్ట్‌వేర్ మనిషి లోపలికి వచ్చేది ఆ సందులోంచే. ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి, డిజైనూ డెవలప్‌మెంటూ చేసే మనిషిని ఇంజినీరుతో పోల్చి ఒప్పుకుంటారు. అదే మనిషి హార్డ్‌వేర్ కొని అమ్మినా, ఇతరుల్ని క్లయింటుకి సప్లై చేసి కమీషన్ తీసుకున్నా అది వ్యాపారం కిందికి పోతుంది. అప్పుడు మొదటి సబ్‌సెక్షన్ గుమ్మమే దిక్కు. కాబట్టి దరఖాస్తులో మీ పనిని ఎలా వర్ణిస్తారన్నది మీరు అనుకున్న దానికంటే ముఖ్యం. ఐటీ కన్సల్టింగ్ అని ఒక్క ముక్కలో రాయకుండా, ఏం రూపొందిస్తారో, ఎలా రూపొందిస్తారో రాయాలి.

ఈ పొట్టి గుమ్మం దాటినవాళ్ల దగ్గరే అయిదు మాటల వాక్యం పని చేస్తుంది. మూడేళ్ల దారి మీకు లేదు. 9వ సెక్షన్ కింద అందరూ నడిచే అయిదేళ్ల దారిన రండి అంటుంది. ఇది వివక్షలా కనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ 9వ సెక్షన్ చదివితే తీసుకున్న చేత్తోనే ఇచ్చిందేమిటో తెలుస్తుంది. నాలుగో సబ్‌సెక్షన్‌లో శాశ్వత నివాసం ‘ఇవ్వవచ్చు’, అధికారి విచక్షణ. 9వ సెక్షన్‌లో షరతులు తీరితే ‘ఇచ్చి తీరాలి’. మూడేళ్ల వాడు అడుక్కోవాలి, అయిదేళ్ల వాడు హక్కుగా తీసుకుంటాడు.

ఆ షరతులు: అయిదేళ్లు పర్మిట్‌తో ఉండడం, జీవనోపాధి, బీ1 స్థాయి జర్మన్, దేశపు చట్ట సామాజిక వ్యవస్థల మీద ప్రాథమిక జ్ఞానం, సరిపడా ఇల్లు, ప్రభుత్వ పెన్షన్ బీమాలో 60 నెలల చందా లేదా దానికి సమానమైన ఏర్పాటు. ఫ్రీలాన్సర్లు బోల్తా పడేది ఈ చివరి దాని దగ్గరే. ఉద్యోగికి జీతంలోంచి ప్రతి నెలా కోత పడుతుంది కాబట్టి ఆలోచించనక్కర్లేదు. ఫ్రీలాన్సర్‌కి కోత లేదు. అయిదేళ్లు హాయిగా గడిచాక ఖాతాలో ఒక్క నెలా ఉండదు. స్వచ్ఛందంగా కట్టుకోవచ్చు, కనీస చందా నెలకు నూరు యూరోలకు కాస్త పైన. కానీ ఒక గడువు ఉంది: ఈ ఏడాది నెలల చందా వచ్చే ఏడాది మార్చి 31 లోపు కట్టాలి. దాటితే ఆ నెలలు మామూలుగా పోయినట్టే, తర్వాత లక్ష ఉన్నా కొనలేరు. ఫ్రీలాన్స్ మొదలుపెట్టే ప్రతివాడూ బ్యాంక్ అకౌంటు కంటే ముందు పెన్షన్ ఖాతా తెరవాలని నేను గట్టిగా చెబుతాను.

కొందరికి ఈ బాధ పుట్టుకతోనే తప్పింది. సొంతంగా పాఠాలు చెప్పుకునే టీచర్లు పెన్షన్ బీమాలో తప్పనిసరి సభ్యులు. చాలామంది ఆ చందాను తిట్టుకుంటారు, ఆ నెలలే తర్వాత శాశ్వత నివాసం (పీఆర్) తెచ్చిపెడతాయి. కళాకారులకూ రచయితలకూ 1983 నుంచి ప్రత్యేక సామాజిక బీమా ఉంది. అందులో చేరితే పెన్షన్ చందాలో వాళ్లు కట్టేది సగమే. అదే ఉద్యోగి భాగంతో సమానం. మనవాళ్లలో కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్పుతూ బతుకుదామనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ రెండిటిని.

కాలం లెక్కలో ఇంకో పనితనం ఉంది. 9వ సెక్షన్‌కి పర్మిట్ ఏ రకమన్నది పెద్దగా పట్టదు. ఉద్యోగపు ఏళ్లు, ఫ్రీలాన్స్ ఏళ్లు కలిపి లెక్క. చదువుకున్న కాలంలో సగం కూడా కలుస్తుంది. వరంగల్ నుంచి వెళ్లి రెండేళ్లు ఎం.ఎస్. చేసి, ఉన్నత చదువున్న ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డ్ అనే పర్మిట్ మీద ఏడాదిన్నర ఉద్యోగం చేసి, తర్వాత ఫ్రీలాన్స్‌కి మారిన అమ్మాయి అనుకుందాం. చదువుకి ఒక ఏడాది, ఉద్యోగానికి ఏడాదిన్నర వచ్చాయి. ఇంకో రెండున్నరేళ్లు ఫ్రీలాన్స్ చేస్తే అయిదు నిండాయి. పెన్షన్‌లో ఉద్యోగపు 18 నెలలు, ఫ్రీలాన్స్‌లో కట్టుకున్న 30, మొత్తం 48. ఇంకా పన్నెండు తక్కువ. ఆ పన్నెండు చదువుకునేటప్పుడు చేసిన వర్క్ స్టూడెంట్ ఉద్యోగంలోంచి రావచ్చు, ఎందుకంటే ఆ ఉద్యోగాల్లో పెన్షన్ కోత ఉంటుంది. అదే మినీజాబ్ అనే తక్కువ జీతపు చిన్న ఉద్యోగం అయితే, సొంత భాగం 3.6 శాతం మిగుల్చుకోవడానికి వద్దని రాసిచ్చిన విద్యార్థికి ఆ నెలలు పూర్తి నెలలుగా లెక్కకు రావు. నెలకు ఇరవై యూరోల కోసం ఏడాది పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఈ అమ్మాయి విషయంలో నాకు బాధగా అనిపించేది ఇంకోటి. బ్లూ కార్డ్ మీద బీ1 జర్మన్ ఉంటే శాశ్వత నివాసం 21 నెలలకే హక్కుగా వస్తుంది. భాష అంత రాకపోయినా, తొలిమెట్టు జర్మన్‌తో 27 నెలలకు వస్తుంది. 2023 నవంబరు దాకా ఆ రెండోది 33 నెలలుండేది. ఆమె ఏడాదిన్నరకు, అంటే 18 నెలలకు ఉద్యోగం మానేసింది. బీ1 ఉండి, ఇంకో మూడు నెలలు ఓపిక పట్టి ఉంటే రెండేళ్ల మూడు నెలలు మిగిలేవి. శాశ్వత నివాసం చేతికొచ్చాక ఉద్యోగమా, ఫ్రీలాన్సా, కంపెనీయా అని ఎవరూ అడగరు. ఏ పనైనా చేసుకోవచ్చు.

ఆ మూడు నెలలు ఊరికే కూర్చోవాలా? అక్కర్లేదు. ఆరో సబ్‌సెక్షన్ అందుకే ఉంది. వేరే కారణానికి పర్మిట్ ఉన్నవాడు, ఆ కారణాన్ని వదలకుండా, అనుమతి తీసుకుని పక్కన స్వయం ఉపాధి చేసుకోవచ్చు. బ్లూ కార్డ్ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు మొదటి క్లయింట్లను తెచ్చుకోవచ్చు. స్వయం ఉపాధి కోరుకునే తెలుగు ఇంజినీరుకి నా దృష్టిలో సెక్షన్ మొత్తంలోకీ విలువైనది ఈ సబ్‌సెక్షనే. నాలుగూ అయిదూ గురించి వాదించుకునేవాళ్లు దీన్ని చదవరు. ఉద్యోగం అనే తెలిసిన దారిలో నడుస్తూ, పక్కన వ్యాపారం నిలబడుతుందో లేదో చూసుకుని, 21వ నెలలో పీఆర్ పట్టుకుని ఉద్యోగానికి నమస్కారం పెట్టవచ్చు. కంపెనీతో ఒప్పందంలో పక్క పనులకు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, అంతే.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచడం తగదు. మూడో సబ్‌సెక్షన్ 45 దాటినవాళ్లకు తగిన వృద్ధాప్య భద్రత ఉంటేనే పర్మిట్ ఇవ్వమంటుంది. కొన్ని దేశాలవాళ్లకు ఒప్పందాల వల్ల దీని నుంచి మినహాయింపు ఉంది. శ్రీలంక, టర్కీ, జపాన్, అమెరికా ఆ జాబితాలో ఉన్నాయి, భారతదేశం లేదు. అలాగే జపాన్, అమెరికా, దక్షిణ కొరియా పాస్‌పోర్టులవాళ్లు వీసా లేకుండా దిగి అక్కడే దరఖాస్తు చేసుకోవచ్చు; మనవాళ్లు ముందు ఇక్కడే వీసా తీసుకుని వెళ్లాలి. ఆచరణలో ఊరికో పద్ధతి. ఒక నగరం రెండు క్లయింటు లేఖలతో సంతృప్తి పడితే, ఇంకో ఊరి ఆఫీసు ఒప్పందాలు చూపించమంటుంది. పొడిగింపు వేళ బెర్లిన్‌లో టాక్స్ అడ్వైజర్ నింపి సంతకం చేసిన లెక్కల నివేదిక అడుగుతారు. పన్ను ఆఫీసు స్వతంత్ర వృత్తి అని ఒప్పుకున్నా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు తన లెక్క తాను చూసుకుంటుంది. ఒకే క్లయింటుకి ఏళ్ల తరబడి పని చేస్తే అది దొంగ స్వయం ఉపాధి, నిజానికి ఉద్యోగమే అన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది. సెక్షన్ ఎంత నునుపుగా ఉన్నా అమలు చేసే చేతులు వేరు కదా.

చివరగా 9వ సెక్షన్‌లోనే, మూడో సబ్‌సెక్షన్‌లో ఉన్న ఒక వాక్యం. దీన్ని గమనించినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తుంటే, 60 నెలల పెన్షన్ షరతు ఇద్దరిలో ఒకరు తీర్చినా చాలు. భర్త కార్ల కంపెనీలో ఉద్యోగం చేస్తూ నెలనెలా కోత కడుతున్నాడనుకోండి. భార్య ఫ్రీలాన్స్ అనువాదకురాలు, ఏ నెలా స్వచ్ఛంద చందా కట్టలేదు. ఆమె అయిదేళ్లు నిండి, భాషా పరీక్ష పాసైతే, భర్త ఖాతాలోని 60 నెలలే ఆమె దరఖాస్తుకీ పనికొస్తాయి. పిల్లల కోసం గాని, ఇంట్లో రోగికి సేవ చేయడానికి గాని పని మానిన కాలాన్ని కూడా లెక్కలో కలుపుకోమని అదే సెక్షన్ రెండో సబ్‌సెక్షన్ చెబుతుంది. దరఖాస్తుతో పాటు పెళ్లి సర్టిఫికెట్టు, భర్త పెన్షన్ ఖాతా చరిత్ర జత చేయాలి. ఆ చరిత్ర పత్రం పెన్షన్ బీమా సంస్థను అడిగితే పోస్టులో ఉచితంగానే పంపుతుంది.